కుర్చీ వెనక మనిషి

కుర్చీని జానెడు వెనక్కి లాగి, భార్య జ్ఞానమ్మ మోకాళ్ళు వంగేదాకా ఆగి, సరిగ్గా అప్పుడు జీవరత్నం దాన్ని ముందుకి జరిపాడు. గచ్చు మీద కుర్చీ కాలు గీసుకున్న చప్పుడైనా రాలేదు. జ్ఞానమ్మ వెనక్కి చూడకుండానే కూర్చుంది. కుడి చెయ్యి పడిపోయింది కాబట్టి ఎడమ చేత్తో కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆమె రెక్క పట్టుకుని నిలబెట్టిన దుర్గమ్మ చెయ్యి వదిలి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు కూర్చోబెట్టినట్టు ఇంకోళ్ళు కూర్చోబెట్టలేరండీ బాబూ," అంది. రోజూ పొద్దున్నే వచ్చి జ్ఞానమ్మకి స్నానం చేయించి, అన్నం తినిపించేది ఆవిడే.

జీవరత్నం రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక కట్టుకుని, గోడకి ఆనకుండా నిలబడ్డాడు. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు ఢిల్లీలో, సుప్రీంకోర్టులో, అతను చేసిన ఉద్యోగం ఇదే. తెల్ల దుస్తులు, తలపాగా, ఒక జడ్జిగారి కుర్చీ. జడ్జీలు వరుసగా లోపలికి వచ్చి వకీళ్ళకి నమస్కారం పెడతారు, వకీళ్ళు వంగి తిరిగి పెడతారు, ఆ తరవాత ఎవరి కుర్చీ వెనక ఉన్న జమేదారు వాళ్ళని కూర్చోబెడతాడు. అక్కడికి పని అయిపోయినట్టే. మళ్ళీ లేచేటప్పుడు లాగాలి. ఈ మధ్యలో దేశంలో ఏ గొడవ తేలినా తేలకపోయినా, జమేదారు కుర్చీ ముందుకి రాకూడదు.

పని నేర్పిన గఢ్వాలీ ముసలాయన, కోర్టు పుట్టిన కొత్తల్లోనే ఉద్యోగంలో చేరినవాడు. అప్పట్లో కోర్టుకి సొంత గూడు లేదట. పార్లమెంటులో రాజుల కోసం కట్టిన హాల్లో నడిచేదట. ఉన్న జడ్జీలందరూ ఒకే వరుసలో కలిసి కూర్చునేవారట. కేసులు పెరిగాక ఇద్దరు ముగ్గురుగా విడిపోయి వేరే వేరే గదులకి వెళ్ళారు. ఆ మాట చెప్పినప్పుడల్లా ముసలాయన ఉమ్మడి కుటుంబం చీలిపోయినంత బాధపడేవాడు. "వెనక్కి చూసుకుని కూర్చునేవాడు జడ్జి కాదురా, బస్సులో ప్రయాణికుడు. నిన్ను నమ్మి చూడకుండా కూర్చుంటారు. అదే నీ జీతం," అనేవాడు.

జీవరత్నానికి జడ్జీల మొహాల కంటే మెడలే బాగా గుర్తు. ఒకాయనకి చెవి కింద పుట్టుమచ్చ. ఇంకొకాయన కాలరు చాటున తాయెత్తు దారం. కోపం వస్తే వెనక నుంచి ఎర్రబడే మెడ ఒకటి. వాళ్ళకి మాత్రం జీవరత్నం మొహం తెలియదు. ఉద్యోగం దిగిపోయిన రోజున ఆఖరి జడ్జిగారు చెయ్యి కలిపి, పక్కనున్న గుమాస్తాని అడిగాడు, ఈయన ఎవరని.

దూరపు కొండలు నునుపు. సొంతూరు తాటిపాకలో మాత్రం అతను 'జడ్జిగారే'. ఆ పూట కూడా కొబ్బరితోట గట్టు తగాదా చంకన పెట్టుకుని తాతారావు వచ్చాడు.

"అప్పీలుకెళ్తే మనకే వస్తాదంటారా జడ్జిగారూ?"

"నాకేం తెలుసండీ, కుర్చీ జరిపేవోణ్ణి."

"అన్నేళ్ళు విన్నారు కదండీ."

"ఆయ్, ఇనకూడదనే కదండీ మమ్మల్ని ఎనకాల నిలబెట్టేరు."

జ్ఞానమ్మ నవ్వింది. ఆ నవ్వు సగం మొహంలోనే వచ్చి ఉంటుంది. జీవరత్నం చూడలేదు. భుజం కదలడం మాత్రం చూశాడు.

పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. మూతి ఎడమ పక్కకి లాగేసి, కుడి కన్ను జారిపోయి, ఆసుపత్రి మంచం మీద ఆమెని మొదటిసారి చూసినప్పుడు అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఎవరో పరాయి మనిషి జ్ఞానమ్మ చీర కట్టుకుని పడుకున్నట్టు అనిపించింది. ఆ తరవాత నుంచి వెనకే ఉంటున్నాడు. తల దువ్వుతాడు, విసనకర్రతో విసురుతాడు, మాత్రలు భుజం మీంచి అందిస్తాడు. ఊళ్ళో అందరూ అలవాటనుకున్నారు. అలవాటు కాదు, భయం.

ఇద్దరూ కలిసి ఉన్నదే తక్కువ. ఆమె ఇక్కడ స్కూల్లో ఆయా. అక్కడ అతనికి ముగ్గురితో కలిసి ఒకే గది. వేసవిలో కోర్టుకి సెలవులిస్తే వచ్చేవాడు, మామిడిపళ్ళు అయిపోయేసరికి వెళ్ళిపోయేవాడు. పిల్లలు కలగలేదు. రిటైరయ్యాక తీరుబడిగా కాపురం చేద్దామని ఇద్దరూ చెప్పుకున్నారు. ఆ తీరుబడి వచ్చాక చూస్తే, ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ చేతకాలేదు. నేర్చుకుంటూ ఉండగా ఇది వచ్చిపడింది.

తాతారావు వెళ్ళాక జ్ఞానమ్మ అడిగింది. మాట ముద్దగా వస్తుంది, అయినా అర్థమవుతుంది.

"ఓసారి ఎదరకొచ్చి కూర్చోండి."

"పనుంది. కొబ్బరి దింపేవాళ్ళొస్తారు."

వాళ్ళు రారని ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం దుర్గమ్మ అన్నం తినిపించి వెళ్ళాక మళ్ళీ అడిగింది. "రేపు ఆదివారం కదా, ప్రార్థన అయ్యాక కూర్చుందాంలే," అన్నాడు. వాయిదాలు ఇచ్చేచోట బతికి వచ్చినవాడికి వాయిదా అడగడం బాగానే వచ్చు.

అతను పెరట్లోకి వెళ్ళి ఎండిన మట్టలు ఒకచోటికి లాగాడు, లాగినవే మళ్ళీ ఇంకోచోటికి లాగాడు. కాలవ గట్టు మీద రాజోలు వెళ్ళే బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇంటివైపు చూస్తే కుర్చీ వీపూ, దాని పైన నెరిసిన ముడీ కనిపించాయి. అంత పెద్ద అరుగు మీద ఆమె ఒక్కతే ఉంది. తను ఇంట్లోనే ఉన్నా ఆమె ఒక్కతే ఉందని అప్పుడు తట్టింది, తట్టి సిగ్గేసింది.

ఎండ అరుగు దిగే వేళకి వచ్చి, ముడి విప్పి తల దువ్వడం మొదలుపెట్టాడు.

"మీరు ఢిల్లీ నుంచి వచ్చినప్పుడల్లా రాజమండ్రి స్టేషన్‌కి వచ్చేదాన్ని," అంది జ్ఞానమ్మ. "రైలు ఆగకముందే మీ మొహం దొరికేది. ఇప్పుడు ఇంట్లోనే ఉండి దొరకరు."

"ముసలి మొహం. ఏముంది అందులో చూడ్డానికి?"

"నాది చూళ్ళేకపోతున్నారు. అదీ."

దువ్వెన ఆగింది. జడ చివరిదాకా అల్లాడు, రబ్బరు బ్యాండు వేశాడు, వేసినదాన్ని తీసి మళ్ళీ వేశాడు.

"ఉండు. కుర్చీ తెచ్చుకుంటాను," అన్నాడు.

"నా కళ్ళజోడు కూడా తెండి. బీరువా మీదుంది. మీరు కనపడాలి కదా."

కళ్ళజోడు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పంచె చెంగుతో తుడిస్తే మరకలు పోలేదు. కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళతో కడిగాడు. కడుగుతూ, కూర్చున్నాక మొదట ఏం మాట్లాడాలా అని ఆలోచించాడు. ఏమీ తోచకపోతే మామిడిపళ్ళ సంగతి ఎత్తుదామనుకున్నాడు. ఒక చేత్తో కళ్ళజోడు, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు.

"తెచ్చేను," అంటూ ఆమె పక్కనుంచి దాటి, కుర్చీని ఎదురుగా వేశాడు. మోకాళ్ళు ఆమె మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా వేశాడు. తలెత్తి చూశాడు.

లాగుకుపోయిన మూతి వదులయింది. కళ్ళు అతను కుర్చీ వేసిన చోటు వైపే ఉన్నాయి, రెప్ప పడటం లేదు.

"జ్ఞానమ్మా, వచ్చేను," అన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆ మొహంలో భయపడాల్సింది ఏమీ లేదు. అతను ఎరిగిన మొహమే, కొంచెం అలిసింది. చీకటి పడుతుండగా దుర్గమ్మ వచ్చి చూసి గొల్లుమనేదాకా ఆ మొహాన్ని చూస్తూ అలాగే కూర్చున్నాడు.

తరవాత ఇరుగుపొరుగు వచ్చారు. జ్ఞానమ్మని లోపలికి ఎత్తుకెళ్ళారు. జీవరత్నం వాళ్ళ వెనకే వెళ్ళాడు. అరుగు మీద, అతను లేచిన కుర్చీలో కళ్ళజోడు ఉండిపోయింది. అద్దాల అంచున కడిగిన తడి ఎప్పుడో ఆరిపోయింది.