పసిబిడ్డల వార్డులో కాంచన

కాంచన గాజుపెట్టెలోకి చేతులు దూర్చి బిడ్డ కింది గుడ్డ తడిమి చూసింది. పొడిగానే ఉంది. అరచేతిలో ఇమిడే బిడ్డ. పలుచని చర్మం కింద నీలి నరాలు, ఉబ్బిన పొట్ట. నెలలు నిండకుండా పుట్టడంతో, గుండె దగ్గర మూసుకోవలసిన రక్తనాళం మూసుకోలేదు. దాన్ని మూయడానికి ఎక్కించిన మందు మూత్రాన్ని బంధించింది. పొద్దున డాక్టరమ్మ ఆ మందు ఆపించింది.

తిరువళ్లూరులోని ఆ ఆసుపత్రిలో కాంచన ఆయా. ఆమె కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. చచ్చిపోయిన మొగుడు విరిచిన చెయ్యి అది. అతను తాగి వచ్చినప్పుడల్లా కూతురు భార్గవిని పొట్ట కింద దాచుకుని వీపు అప్పగించేది. తెల్లారితే పనికి పోయేది.

వార్డు తలుపు అద్దం భళ్లున పగిలింది. బిడ్డ తండ్రి వరదన్, తిరుత్తణివాడు, సెలైన్ స్టాండు ఎత్తి పట్టుకుని లోపలికి దూసుకొచ్చాడు.

"మందు పెట్టి నా బిడ్డను సంపేస్తా ఉండారు!"

అడ్డుపడిన నర్సు ఇంద్రాణి చెయ్యి చిట్లింది. మందుల ట్రే ఎగిరిపడింది. అతను మళ్లీ స్టాండు ఎత్తేసరికి కాంచన గాజుపెట్టె మీద బోర్లా వంగింది. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది చెవి పైన.

"నన్ను కొట్టబ్బా," అంది కాంచన, కదలకుండా. "పెట్టె పగిల్తే పొయ్యేది నీ బిడ్డే."

స్టాండు అతని చేతిలోంచి జారిపోయింది. కాపలావాళ్లు వరదన్‌ను నేలకేసి అదిమి, నోరు పగిలేదాకా తన్నారు.

"ఇంక వదలండయ్యా, సస్తాడు," అని అరిచింది కాంచన.

"అక్కా, తలకు స్కాన్ తీపిస్తాం రా," అంది ఇంద్రాణి.

"సుమ్మా ఉండు పాపా, నాకేం గాదు. ఇంతకన్నా పెద్ద దెబ్బలే తిన్యా."

కాంచన గాజుపెంకులు ఊడ్చింది. తొట్టి దగ్గర వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చింది. మధ్యాహ్నం మళ్లీ బిడ్డ కింది గుడ్డ తడిమింది. తడిసి ఉంది.

"పోసిందమ్మా! బిడ్డ ఒంటికి పోసింది!"

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. పోలీసుల కోసం వరండాలో కూర్చోబెట్టిన వరదన్ వాచిన నోటిని పిడికిలితో మూసుకుని ఏడ్చాడు. కాంచన గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించింది.

వరదన్ కాపలావాడిని బతిమాలి టీ తెప్పించి, తనే తెచ్చి స్టూలు పక్కన పెట్టాడు.

"తాగక్కా. తెలీక కొట్టినా."

ఆమె పలకలేదు. భుజం మీద చెయ్యి వేశాడు. తల గోడ వెంబడి మెల్లగా జారింది.

డాక్టరమ్మ నాడి చూసి, కాంచన కనురెప్పలు మూసింది. ఆమెను తీసుకుపోయారు. ఖాళీ స్టూలు పక్కన, కాగితం కప్పులో టీ మీద మీగడ కట్టింది.