చెంపల మీది వెండి

రూప్లికి నొప్పి తెలియలేదు. కత్తెర చప్పుడు వినిపించింది, కుడిచెంప పక్కన బరువు తగ్గింది. చెయ్యి పెట్టి చూసుకునే లోపే ఎడమవైపు కూడా తెగింది.

"దొరికినయి సార్!" అని గేటు దగ్గర తనిఖీ చేసే శ్యామల కేక వేసింది. ఆమె అరచేతిలో చెంపల మీద వేలాడే రెండు వెండి టోప్లీలు, వాటిని జడపాయలకు కట్టిన ఎర్ర ఊలు, ఆ ఊలుతో పాటు తెగిన కాసిని వెంట్రుకలు.

మేనేజర్ ప్రభు గదిలోంచి వచ్చాడు. "కంపెనీ మాల్ నెత్తికి కట్టుకొని దర్జాగ పోతున్నవా?"

"నాయి సారూ. పెండ్లినాటియి."

"ఈ డిజైన్ మేడమ్‌ది. నీకెట్లొస్తది?"

కంపెనీ ఉన్న ఆ షెడ్డులో ఒకప్పుడు జీడిగింజలు కొట్టేవారు. మూడేళ్ల కింద హైదరాబాదు మేడమ్ ఒకావిడ కిరాయికి తీసుకుని, ఆడవాళ్లు పెళ్ళిళ్లకు పట్టుకెళ్లే పర్సులు కుట్టిస్తోంది. అద్దాలు, గవ్వలు, జరీ, పూసలు. ఒక సెల్‌ఫోనూ ఒక రుమాలూ పెడితే నిండిపోయే ఆ బుల్లి సంచి ఒక్కటి అమ్మితే తండాలో ఒక ఇంటికి ఏడాది బియ్యం వస్తాయి. దానికి రెండు పక్కలా టోప్లీలు వేలాడతాయి. ఆ ఆలోచన మేడమ్‌కు ఎక్కడిదో షెడ్డులో అందరికీ తెలుసు. మొదటి ఏడు ఆమె వచ్చి, రూప్లి గడ్డం పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీసుకుంది. మూడు నెలలకు అచ్చం అలాంటివే పోతపోసి గోనెల్లో దిగాయి.

వరసలో నలభై మంది ఆడవాళ్లున్నారు. ఎవరూ నోరు మెదపలేదు. రూప్లి కూడా మెదపలేదు. తండా దాకా నడిచినంత సేపూ ఆమెను కాల్చింది అదే. తిట్టాల్సిన తిట్లన్నీ దారి పొడుగునా గుర్తొచ్చాయి.

తండా మొదట్లో బోరింగు దగ్గర అత్త లాలి బిందె నింపుతోంది. కోడల్ని చూసింది. ఉత్త చెంపల్ని చూసింది. బిందె వదిలేసి గుండెలు బాదుకుంది.

టోప్లీలు లంబాడా ఆడదానికి మంగళసూత్రం లాంటివి. మొగుడు బతికున్నంత కాలం చెంపల మీద ఊగుతాయి. మొగుడు పోయిన రోజే దిగుతాయి. రూప్లి మొగుడు జైరాం పొద్దున్నే పామాయిల్ తోటలో గెలలు కొయ్యడానికి పోయాడు. ఆ పనిలో గెల మీద పడి చచ్చిపోయినవాళ్లు ఉన్నారు. లాలికి ఇంకేం అడగాలనిపించలేదు.

"కాదు యాడీ! మంచిగున్నడు! కంపెనీల కోసిండ్రు!" అని రూప్లి అత్తకేసి అరుస్తూనే ఉంది. ఆ అరుపు కూడా ఏడుపులాగే వినిపించింది. ఇళ్లలోంచి ఆడవాళ్లు పరుగున వచ్చి లాలిని పట్టుకుని శోకం అందుకున్నారు. రూప్లిని ఎవరో కిందికి లాగి కూర్చోబెట్టి తలమీద కొంగు కప్పారు.

సరిగ్గా అప్పుడు జైరాం సైకిల్ దిగాడు. "ఎవలు పోయిండ్రే?"

శోకం ఆగింది. గోడకు ఆనుకుని నిలబడ్డ ముసలి హరిలాల్ నెమ్మదిగా అన్నాడు. "నువ్వేరా."

ఇంకోచోటైతే నవ్వేవారు. లాలి లేచి వెళ్లి కొడుకు మొహం తడిమింది, భుజాలు తడిమింది, చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ తర్వాత సంగతి విని కోడలి వైపు తిరిగింది.

"బతికున్న కొడుక్కు ఏడ్సిన. ఈ ఏడుపు ఎవడు వాపస్ తీస్కుంటడు? నీకు పెండ్లినాడు కట్టినయి నీ చెంపలకు రావాలె. అవే రావాలె. అందాక వీడు మీ గుడిసెల అడుగు పెట్టొద్దు."

"నేనేం తప్పు చేసిన యాడీ?"

"నువ్వు చెయ్యలే. వాడు చేసిండు. పోయి అడుగు."

రూప్లి అడిగింది. మర్నాడు అడిగితే ప్రభు "రేపు" అన్నాడు. ఆ మర్నాడూ రేపే అన్నాడు. జైరాం తల్లి దగ్గర తింటున్నాడు, అరుగు మీద పడుకుంటున్నాడు. రూప్లి నీళ్లకు పోతే మొగుడు పోయినదాన్ని చూసినట్టు ఆడవాళ్లు పక్కకు జరుగుతున్నారు. నిజం తెలిసీ జరుగుతున్నారు.

మూడోరోజు ప్రభు సొరుగులోంచి ఒక జత తీసి బల్లమీద పడేశాడు. "తీస్కొని పో. పని జూస్కో."

రూప్లి చేతిలో పెట్టుకుని చూసింది. దూదిలా తేలిగ్గా ఉన్నాయి. తళతళలాడుతున్నాయి. "ఇయ్యి నాయి గావు."

"ఏదైతే ఏంది? ఒక్కతీరుగనే ఉన్నయి గద."

"ఒక్కతీరుగుంటే నాయి దొంగసొమ్మెట్లయింది సారూ?"

ప్రభు ఫోన్ ఎత్తి ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం అన్నాల గంటకు వరండాలో గిన్నెల మూతలు తెరవకుండానే ఉన్నాయి. పర్సులకు టోప్లీలు కుట్టే మరియ ముందుగా నోరు విప్పింది. ఊరి చివరి కాలనీలో అందరికీ పెద్దక్క, చర్చిలో కొట్లాటలు కూడా ఆమే తీరుస్తుంది.

"మేడమ్‌కు కాయితం రాద్దాం. అందరం సంతకాలు పెడదాం. తొందర పడితే పని పోతది. నాకిద్దరు పిల్లలు హాస్టల్ల ఉన్నరు."

"మూడొద్దుల సంది ఇదే మాట," అంది జంపక్క. ఆమె అడవి వైపు కోయగూడెం మనిషి. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే కొడవలితో కోసినట్టే. "అడవిల మా గంపలు ఫారెస్టోళ్లు దులుపుతరు. మా చింతపండు మాదే అని మేమే రుజువు చేసుకోవాలె. ఈడికొస్తే మా నెత్తులు దులుపుతరు. ఇంగ దులిపిచ్చుకునుడేనా మన పని?"

"అవ్ గానీ ఏం చేద్దామంటవ్?" అంది మరియ.

"సరుకు బండి పోతది గద ఇయ్యాల. ఆపుదం. డబ్బాలు ఇప్పి చూద్దం. రూప్లివి కుట్టేసే ఉంటరు."

"డబ్బాలు ముట్టుకుంటే మనం దొంగలమని మనమే ఒప్పుకున్నట్టే!" మరియ గొంతు పెంచింది.

రూప్లి ఆ తళతళలాడే జతను మరియ ఒళ్లో పెట్టింది. "అక్కా, ఎంత బరువున్నయో చూడు. నాయి బరువుంటయి. లోపలి అంచు నా జుట్టు ఒరిసి ఒరిసి నున్నగయింది."

మరియ వాటిని చేతిలో ఎత్తి చూసింది. ఆమె మొహం వాడిపోయింది.

"నిన్న నా చేతికి ఒకటి బరువుగొచ్చింది," అంది. "నల్లగ ఉండె. తోమి కుట్టమన్నడు సారు. కుట్టిన. పొద్దు వాలినంక ఇంకోటొచ్చె. అది ఇంకో పర్సుకు కుట్టిన. నా చేతులతోనే కుట్టిన్నే."

గేటు దగ్గర వ్యాను స్టార్టయింది.

అందరికంటే ముందు లేచింది మరియ. సంతకాల మాట ఎత్తిన మరియ, హాస్టల్ పిల్లల మరియ, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి వ్యాను ముందు నిలబడింది. ఆమె వెనక నలభై మందీ. శ్యామల గేటు పట్టుకుని "నా పొట్టకొట్టకుర్రే అక్కా, నన్ను తీసేస్తరే" అని ఏడుస్తోంది. ఆమెను ఎవరూ తిట్టలేదు. పక్కకు జరిపారు, అంతే.

డబ్బాలు రోడ్డుమీదికి దిగాయి. పర్సులు కొంగుల మీద పరిచారు. దమ్మపేట వైపు పోయే బస్సు ఆగింది, జనం దిగి చూస్తున్నారు. కబురు తండాకు చేరి లాలి పదిమంది ఆడవాళ్లతో వచ్చింది. జైరాం తోటలోంచి కూలీలను వెంటేసుకుని వచ్చాడు.

మరియ కళ్లతో వెతకడం లేదు. ఒక్కో టోప్లీని వేళ్లమీద ఎత్తి బరువు చూసి వదిలేస్తోంది. మూడో డబ్బాలో ఆమె చెయ్యి ఆగింది. "ఇది నా కుట్టు. ఇదే." పళ్లతో దారం కొరికి రూప్లికి అందించింది.

అప్పుడే పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగీ దిగకముందే ప్రభు ఎదురెళ్లాడు. "దోపిడీ సార్! పట్టపగలు!"

"ఆ చేతిలది ఇటు ఇయ్యి," అన్నాడు ఎస్సై. "సాక్ష్యం అది. సీజ్ చెయ్యాలె."

రూప్లి ఇవ్వలేదు. రోడ్డుమీద, ఎండలో, కూర్చుంది. లాలి వెనక మోకాళ్లమీద కూర్చుని కోడలి కుడివైపు పాయ విప్పింది. చుట్టూ ఆడవాళ్లు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వలయం కట్టారు. జడ అల్లడం తొందరపెడితే అయ్యే పని కాదు. మూడు పాయలు తీయాలి, ఊలు కలపాలి, బిగించాలి. ఎస్సై అరిచాడు, లాఠీ నేలకు కొట్టాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు వలయాన్ని నెట్టారు. జంపక్క నుదురు చిట్లి రక్తం కారింది. ఆమె చేతులు వదల్లేదు. లాలి వేళ్లు తొందరపడలేదు.

ముడి పడ్డాక రూప్లి లేచి నిలబడింది. కుడిచెంప మీద వెండి ఊగింది. ఎడమచెంప ఉత్తదిగానే ఉంది.

"నన్ను తీస్కపోతవా సారూ, తీస్కపో. దీన్ని కూడా తీస్కపో, తలతోటి."

రూప్లిని, మరియను, జంపక్కను జీపెక్కించారు. జీపు కదులుతుంటే వెనక్కి తిరిగి రూప్లి అరిచింది.

"ఇంకోటి ఆ డబ్బాలల్లనే ఉన్నది!"

ఆ మాట ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. ప్రభు డ్రైవర్‌ను వ్యాను తియ్యమన్నాడు. డ్రైవర్ కిందికి చూశాడు. ముందు చక్రానికి వీపు ఆనించి లాలి కూర్చుని ఉంది. ఆమె పక్కన కాలనీ ఆడవాళ్లు, వాళ్ల పక్కన గూడెం ఆడవాళ్లు కూర్చుంటున్నారు. జైరాం నాలుగో డబ్బా తెరిచాడు.