వీపు మీద పేరు

సకల జనుల సమ్మెలో కాలేజీ మూతపడింది. జనగామ దీక్షా శిబిరంలో ఆ సాయంత్రం మాట్లాడవలసింది లెక్చరర్ జైసింగ్. మన తెలంగాణ యాసను సినిమాల్లో జోకర్లకూ రౌడీలకూ తగిలించి ఎట్లా నవ్వుకున్నారన్నదే అతని ఉపన్యాసం. మన మాటలు అందులో లేవని వేదిక మీద చూపడానికి పాత నిఘంటువు ఒకటి కావాలని, తోటి లెక్చరర్ సురేందర్‌ను వెంటబెట్టుకుని అబ్దుల్ బారీ పాత పుస్తకాల దుకాణానికి వచ్చాడు.

ముందు గదిలో పుస్తకాలు, వెనక గదిలో పుస్తకాలకు అట్టలు కట్టే జిల్దుల పని. మైదా లై జిగురు వాసన రెండింటికీ పట్టి ఉంది. బారీ భార్య హసన్ బీ చాప మీద కూర్చుని కాగితాల మడతలు కుడుతోంది. ఆమె పక్కన అద్దాల రవిక, చేతుల నిండా తెల్ల గాజులతో దారం అందిస్తున్నది జైసింగ్ తల్లి రుక్కి. తండా ఆడవాళ్లతో ర్యాలీకి వచ్చి ఇటు తిరిగింది.

కొడుకును చూడగానే ఆమె ముఖం విచ్చుకుంది. తిన్నావా అని తమ ఇంటి లంబాడీ భాషలో గట్టిగా అడిగింది. జైసింగ్ అర్థం కానట్టు అల్మారా వైపు తిరిగాడు.

"ఎవలన్నా? నిన్ను గుర్తువట్టినట్టున్నది" అన్నాడు సురేందర్.

"మా తండామె."

తెలుగు బాగా తెలిసిన రుక్కి చేతిలో దారం ఆగింది.

సురేందర్ చాప మీది పుస్తకం అందుకున్నాడు. ఎలుకలు కొట్టిన నిఘంటువు. జైసింగ్ హైస్కూల్లో చదివినదే. అటక మీద దొరికితే, కొత్తగా కట్టించి కొడుక్కిద్దామని రుక్కి తెచ్చింది. జైసింగ్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"గిదే గదన్నా మనకు గావల్సింది. ఎవలిదవ్వా?"

"నా కొడుకుది."

"ఏడుంటడు?"

ఆమె దారం కొసను పంటితో తెంపింది. "దూరముంటడు, సారూ."

జైసింగ్‌కు చెవులు కాలిపోయాయి. మా అమ్మ అన్న ఒక్క మాట చాలు. అతను అల్మారాలోంచి ఏదో పుస్తకం లాగి పేజీలు తిప్పాడు.

ఇదేమీ తెలియని బారీ సీసపు అక్షరాల పెట్టె తెచ్చి ముందు పెట్టుకున్నాడు. పుస్తకం వీపు మీద కొడుకు పేరు బంగారు రంగులో కొట్టాలని పొద్దున ఆమే అడిగిందట.

"ఏం పేరు గొట్టాలె, అవ్వా?"

"వద్దు భాయ్. ఉత్తగనే కుట్టియ్యి."

బారీ ఆమెను చూశాడు. అల్మారా దగ్గర నిలబడ్డ జైసింగ్ ముక్కునూ గడ్డాన్నీ చూశాడు. పెట్టె మూసేశాడు.

ఫోన్ మోగితే సురేందర్ బయటికి నడిచాడు. జైసింగ్ చాప దగ్గర గొంతుక్కూర్చుని "యాడీ" అన్నాడు. అమ్మా అని. పక్కనున్న హసన్ బీకి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో అతనికే తెలిసింది.

"అన్నా, మైకు పెట్టిన్రట" అంటూ సురేందర్ మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. జైసింగ్ చటుక్కున లేచాడు.

రుక్కి తలెత్తలేదు. ఇందాక అడిగిందే ఈసారి తెలుగులో అడిగింది.

"తిన్నరా, సారూ?"

తిన్నానని అతనూ తెలుగులోనే చెప్పాడు.