బాన పైకి వచ్చేదాకా

కాశమ్మకు ఆ టిక్కు టిక్కు మీదనే కోపమంతా. పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టింది మొదలు, మనవరాలు జయలక్ష్మి ల్యాప్‌టాప్‌లోంచి ఆ తాళం చప్పుడు మొండిగా కొట్టుకుంటూనే ఉంది.

జయలక్ష్మి మార్కాపురం బళ్లో సంగీతం టీచరు. కాశమ్మ నాయన పిచ్చయ్య పాడిన కపిల పాటను జిల్లా పాటల పుస్తకంలోకి ఎక్కించాలని బస్సెక్కి కొమరోలు వచ్చింది. ఎద్దులు మోకు లాగుతుంటే, బావిలోంచి తోలు బాన పైకి వచ్చి చేలకు నీళ్లు పారిన రోజుల నాటి పాట అది. ఇప్పుడా పాట పాడను వచ్చేది కాశమ్మ ఒక్కతికే. స్వరాలు రాసి సాయంత్రం ఐదింటిలోగా పంపకపోతే పుస్తకంలో చోటు లేదన్నారు.

కంప్యూటరేమో గీతలు గీసి గడులు కట్టింది. గడికి నాలుగు దెబ్బలు. ఐదోది పడితే ఎర్రబడుతుంది.

"అవ్వా, ఎద్దును పిలిచే 'దిగర ఎర్రోడా' కాడ ఇందాక ఆరు దెబ్బలు లాగినావు. ఇప్పుడు పదకొండు. ఒక్కతీరుగా పాడవే."

"నేనేడ మార్చినా? పాటే అంత."

"ఒక పాటకు రెండు కొలతలు ఎట్ల ఉంటాయే?"

"మా నాయన పాడితే ఇరవై కూడా పట్టేది. ఆయన ఉన్నప్పుడు రాకపోయినావా నీ పెట్టె తీసుకొని."

మధ్యాహ్నానికి జయలక్ష్మి ఓపిక చచ్చి, ఎక్కువైన రాగాన్ని కత్తిరించి, నాలుగేసి దెబ్బల్లో సర్ది వినిపించింది. కాశమ్మ ఆసాంతం విన్నది.

"ఎవడో బస్సు కోసం ఉరుకుతా పాడినట్లుంది. ఇది పంపేటట్లయితే మా నాయన పేరు తీసెయ్."

"పేరు తీసేసేదానికా నేను ఇంతదూరం వచ్చింది?"

ల్యాప్‌టాప్ మూత టపీమని పడింది. ఇద్దరూ మూతి ముడుచుకొని చెరో అరుగు మీద కూర్చున్నారు. చివరికి కాశమ్మే విసురుగా లేచి, శనక్కాయల మూటకు తాడు కట్టి, కొస మనవరాలి చేతిలో పెట్టింది.

"గేటు దాకా లాగు. నువ్వే ఎర్రోడివి."

"అవ్వా, నేను ఎమ్మే చదివినా."

"చదువుకున్న ఎద్దువి. లాగు."

జయలక్ష్మి లాగింది, కాశమ్మ రాగం ఎత్తుకుంది. మూట గేటుకు తగిలిన చోటనే రాగం ఆగింది. రెండోసారి రోడ్డు దాకా లాగమంది. రాగం కూడా రోడ్డు దాకా సాగింది.

జయలక్ష్మి ఆయాసపడుతూ నిలబడింది. "బాన పైకి వచ్చేదాకానా?"

"మరి? బాన నడుమ ఉండగా రాగం తెగితే ఎద్దులు నిలబడిపోతాయి. ఎండాకాలం నీళ్లు లోతుకు పోతే పాట ఇంకా పొడుగైతది."

"ఈ ముక్క పొద్దున్నే చెప్పకూడదా?"

"నువ్వు అడిగినావా? దెబ్బలు లెక్కపెడతా ఉండావు."

నాలుగున్నర అయింది. జయలక్ష్మి టిక్కు టిక్కు ఆపేసి, గడుల గీతలన్నీ చెరిపేసి, 'దిగర ఎర్రోడా' స్వరం నెత్తిన 'బాన పైకి వచ్చేదాకా' అని రాసింది. కాశమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకొని, కింద నాయన పేరు కూడా చదివించుకొని, అప్పుడు పంపమంది.

పది నిమిషాలకు పుస్తకం తయారుచేసే ప్రకాశరావు ఫోన్ చేశాడు. "పాట తీసుకున్నామమ్మా. కానీ బాన పైకి వచ్చేదానికి ఎంతసేపు పడతదో ఒక అంకె వెయ్యండి."

జయలక్ష్మి తల పట్టుకుంది. కాశమ్మ ఫోన్ లాక్కుంది.

"ఏ నెల్లో, నాయనా?"