రెండోసారి అడిగిన పువ్వు

మా మరిది ముకుందన్ కూతురు అనుప్రియ పదిహేడేళ్ళలోపు అమ్మాయిల భారత ఫుట్‌బాల్ జట్టుకు ఎంపికైందని తెలియగానే రెడ్డియార్‌పాళయంలో మా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. నీలం చొక్కాలో అనుప్రియ, పక్కన చేతులు జోడించిన వార్డు నాయకుడు. నాయకుడి బొమ్మే పెద్దది. మా పిల్ల ఎడమవైపు బ్యాక్ ఆడుతుందన్న సంగతి అందులో ఎక్కడా లేదు.

నిరుడు జట్టు ఎంపిక క్యాంపు నుంచి ఆమెను వెనక్కి పంపేసినప్పుడు వాళ్ళమ్మ, మా తోడికోడలు మంగళం, మా అత్తవారి ఊరు ఏంబలంలోని అమ్మవారికి మొక్కుకుంది. పిల్ల జట్టులోకి వస్తే ఆడి నెల తిరునాళ్ళలో కాప్పు కట్టుకుని పాలకుండ మోస్తుందని. కాప్పు అంటే మణికట్టుకు కట్టే పసుపుతాడు. కట్టాక, తిరునాళ్ళు ముగిసి దాన్ని విప్పేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. ఆ ఊళ్ళో మొదటి కాప్పు కట్టుకునే హక్కు మా మామగారు వరదరాజులు ఇంటిది. కాదు, తమదని ఆయన దాయాది ఆదికేశవన్ ఏనాటి నుంచో తగువు పెడుతున్నాడు. ఇప్పటిదాకా మగవాళ్ళే కట్టుకున్నారు. ఈసారి ఇండియాకు ఆడే మనవరాలికి కట్టిస్తానని మామగారు ఊరంతా చెప్పుకున్నారు. జట్టు పోటీలకు తాష్కెంటు బయలుదేరేది తిరునాళ్ళు అయ్యాకే గనుక ఎవరికీ ఇబ్బంది కనిపించలేదు.

కాప్పు కట్టిన పూటే, ఏంబలం ఇంట్లో మేమింకా ఇడ్లీలు తింటుండగా, జట్టు మేనేజర్ ఫోను చేసింది. విమానం తేదీ ముందుకు జరిగిందట. మర్నాడు సాయంత్రంలోగా అనుప్రియ బెంగళూరులో ఉండాలి.

అనుప్రియ చెయ్యి కడుక్కొచ్చి తాత ఎదుట నిలబడింది.

"తాతా, దీన్ని విప్పేయండి. నేను పోవాల."

"పసుపు తడి కూడా ఆరలేదు గదమ్మే."

"ఆరినాక విప్తారా?"

మంగళం కూతురి జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. మామగారు కోప్పడలేదు. పిల్ల ఆట అంటే ఆయనకు ఇష్టమే. కాసేపు కండువా మడతపెడుతూ కూర్చుని, "గుళ్ళో అమ్మనే అడుగుదాం పదండి," అన్నారు.

అక్కడ పూవాక్కు అడగడం ఉంది. అమ్మవారి రెండు భుజాల మీదా తడి పువ్వులు అతికించి అడుగుతారు. కుడివైపుది ముందు రాలితే సరేనని, ఎడమవైపుది రాలితే వద్దని అర్థం. పూజారి ముని రెండు గన్నేరు పువ్వులు అతికించి పక్కకు తప్పుకున్నాడు. కుడి పువ్వు రాలింది. అనుప్రియ అప్పుడే చెప్పుల కోసం వెనక్కి తిరిగింది.

"ఉండమ్మే," అన్నాడు ఆదికేశవన్. "ఆ ఫ్యాను యాడ తిరగతా ఉండాదో చూసినారా? గాలికి రాలిండాది. ఆపి అడగండి."

"మీ బోరుబావికి అడిగినప్పుడు కూడా ఆ ఫ్యాను తిరుగుతానే ఉండె గదా, చిన్నమామా," అన్నాను.

"ఏంది కోడలా, కాలేజీ చదువు గుళ్ళోకి కూడా తెచ్చినావా?"

కొందరు నవ్వారు. అతను మామగారి వైపు తిరిగాడు.

"నాకేందన్నా, పంపించు పిల్లను. కాప్పు తెంపిన ఇంటికి మళ్ళా మొదటి కాప్పు ఎవురిస్తారు? వచ్చే ఏడు మా పిల్లోడు శరవణన్ కట్టుకుంటాడు. అంతే గదా."

మామగారు అమ్మవారి వైపు చూడలేదు, మనవరాలి వైపూ చూడలేదు. "ఫ్యాను ఆపప్పా మునీ," అన్నారు.

రెండోసారి ఎడమ పువ్వు రాలింది. మంగళం చెంపలు వేసుకుంది. మామగారి ముఖంలో దిగులు ఉంటుందనుకున్నాను. కనిపించింది మాత్రం బరువు దించుకున్న మనిషి నిమ్మళం.

ముకుందన్ అప్పటికే ఫోను తీసుకుని గుడి బయటికి నడిచాడు. పిల్లకు విపరీతమైన జ్వరమనీ, డాక్టరు కదలవద్దన్నాడనీ మేనేజరుకు ఇంగ్లీషులో చెప్పాడు. "అట్ల చెప్పొద్దు నాన్నా," అని అనుప్రియ అంటుంటే, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట పూర్తి చేశాడు.

"జొరమంటే మళ్ళా పిలస్తారే. సామి, కాప్పు అంటే వాళ్ళకేం తెలస్తాది? నీ మంచికే చెప్తా ఉండా."

మధ్యాహ్నం పెరట్లో ఆమె ఒక్కతే కనబడితే, "కారు మాట్లాడనా, పోతావా?" అని అడిగాను.

"పొయ్యొచ్చు పెద్దమ్మా. నేను పోయినాక ఇక్కడ ఆవుకు కడుపుబ్బినా నా వల్లనే అంటారు. అమ్మ అదే నమ్ముతాది. ఆ భయంతో యాడ ఆడేది?"



ఊరేగింపులో ఆమె అందరికన్నా ముందు పాలకుండతో నడిచింది. మా వీధి ఫ్లెక్సీని తెప్పించి ట్రాక్టరుకు కట్టారు. జనం దాని కింద నిలబడి, ఆమెను పక్కన నిలబెట్టుకుని సెల్ఫీలు తీసుకున్నారు. ఇంకా తాష్కెంటు పోలేదా అని ఎవరో అడిగితే, మామగారు వినబడనట్టు మేళం వైపు తిరిగారు.

తరువాత రెడ్డియార్‌పాళయంలో ఫోనును టీవీకి కలిపి మొదటి మ్యాచ్ చూశాం. మామగారు కూడా వచ్చారు. అనుప్రియ స్థానంలో ఒరిస్సా అమ్మాయి ఆడింది. మనవాళ్ళు ఓడిపోయారు. రెండో గోలు ఎడమవైపు నుంచే వచ్చింది.

"నువ్వుంటే ఆ బాలు పొయ్యేది కాదు," అన్నారు మామగారు.

"ఆ పిల్ల బానే ఆడింది తాతా. తప్పు గోల్‌కీపర్‌ది."

మళ్ళీ క్యాంపుకు పిలుపు కోసం ఆమె తెల్లవారుజామునే ఉప్పళం మైదానానికి వెళ్ళి పరుగెత్తడం మానలేదు. పిలుపు వచ్చింది. ఆ రోజు కూడా మామగారు మా ఇంట్లోనే ఉన్నారు. మేనేజర్ స్పీకర్‌లో మాట్లాడుతూ, జ్వరం పూర్తిగా తగ్గినట్టు డాక్టరు చేత రాయించి పంపమంది.

"అది నేను చూసుకుంటాలే," అని ముకుందన్ గొంతు తగ్గించి కూతురికి సైగ చేశాడు.

అనుప్రియ ఫోను దగ్గరికి లాక్కుంది. తనకు జ్వరం రాలేదనీ, ఊళ్ళో తిరునాళ్ళని ఇంట్లో పంపలేదనీ ఇంగ్లీషులో తడబడకుండా చెప్పింది.

 మేనేజర్ నెమ్మదిగానే చెప్పింది. అప్పుడు పిలవగానే ఒరిస్సా అమ్మాయి రిజర్వేషన్ లేకుండా బెంగళూరు దాకా రైల్లో నిలబడి వచ్చిందట. నిజం చెప్పడం మంచిదే గానీ, ఈ క్యాంపుకు నిన్ను తీసుకోలేను అంది.

"సరే మేడమ్," అని అనుప్రియ ఫోను పెట్టేసింది.

"ఎవురే నిన్ను అడిగింది?" ముకుందన్ లేచి నిలబడ్డాడు. "నోటికాడికి వచ్చిన కూడు గదా పారేసినావు."

మంగళం ఏడుస్తోంది. "జొరమని ఉంటే పొయ్యేది గదక్కా," అని నాతో అంది.

మామగారు మనవరాలి తల మీద చెయ్యి వేశారు.

"పోనీలేమ్మే. వచ్చే ఏడు కాప్పు మీ నాయన కట్టుకుంటాడు. నువ్వు నిమ్మళంగా పొయ్యి ఆడుకో."

"వచ్చే ఏడు నాకు పదిహేడు దాటతాయి తాతా."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. పిల్ల వయసు ఆయనకు ఎప్పుడూ తెలుసు. ఆ జట్టుకు వయసుతో పని ఉందన్నది మాత్రం అప్పుడే తెలిసినట్టుంది.