ద్విరదగతి

శోభనాద్రిగారు అవనిగడ్డలో ముప్పై రెండేళ్లు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ప్రాతఃసంధ్య ముగించి కృష్ణ కరకట్ట మీద నడవడం ఆయన నిత్యవిధి. ఆ కట్ట మీదనే రోజూ దివ్యశ్రీ పరుగెత్తుతూ ఎదురయ్యేది. ఆయన పనిచేసిన బడిలోనే ఆమె ఇప్పుడు వ్యాయామ ఉపాధ్యాయిని. చెవుల్లో శనగగింజలంత తెల్లని పరికరాలు పెట్టుకొని, ఈ లోకంతో పనిలేనిదానిలా సాగిపోయేది. ఆ చెవుల్లో ఏమి మోగుతోందో తెలుసుకోవాలని పండితులకు ఏడాదిగా మనసు పీకుతూనే ఉంది. ఒకనాడు ఉండబట్టలేక చేతికర్ర అడ్డం పెట్టారు.

"అమ్మాయ్, రోజూ ఎవరితో నీకు ఆ మంతనాలు?"

ఆమె నవ్వి, ఒక గింజ తీసి ఆయన చెవిలో పెట్టింది. ఆయన ఉలిక్కిపడి లాగేశారు.

"ఇదేమిటమ్మా! లోపల పెళ్లి ఊరేగింపు నడుస్తోంది!"

"ఆ డప్పు లేకపోతే పది కిలోమీటర్లు దాటాక కాళ్లు నా మాట వినవు మాస్టారూ. ఉన్నా కూడా, పదిహేను దాటితే కుడి డొక్కలో పోటు. సౌండు ఎంత పెంచినా లాభం లేదు. మొన్న గుడివాడ పందెంలో పదహారో కిలోమీటరు దగ్గర రోడ్డు పక్కన కూలబడ్డాను."

మిగిలింది బందరు పందెం ఒక్కటే. ఊళ్లోంచి మంగినపూడి సముద్రం దాకా వెళ్లి రావడం, ఇరవై ఒక్క కిలోమీటర్లు. రెండు గంటల లోపు ముగిస్తే జిల్లా జట్టులో చోటు. ఆ జట్టుకు ముప్పై అయిదేళ్లు హద్దు. ఆ సంవత్సరమే ఆమెకు ముప్పై అయిదు నిండబోతున్నాయి.

పండితులకు ఆ రాత్రి భోజనం రుచించలేదు. మన లాక్షణికులు రగడలనే లయపద్యాలకు పెట్టిన పేర్లు చాలావరకు నడకల పేర్లే కదా! గుర్రం, జింక, ఎద్దు, ఏనుగు. ఇన్నేళ్లు వాటిని పిల్లలచేత వల్లె వేయించారు గాని, ఎవరి కాళ్లకైనా అవి సరిపోతాయా అని ఒక్కనాడూ అడగలేదు. పరుగు గనుక గుర్రమే తగునని నిశ్చయించి, గుర్రపు దౌడు పేరు గల తురగవల్గన రగడలో కృష్ణ ఒడ్డునే వెలసిన శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు మీద ఇరవై నాలుగు పాదాలు కట్టి, తెల్లవారగానే ఆమె ఫోనులో చదివి పెట్టారు.

ఆ ఆదివారం ఆమె బాణంలా దూసుకుపోయింది. పన్నెండో కిలోమీటరు దగ్గర డొక్క పట్టుకొని ఆయన ముందు చతికిలబడింది.

"మీ గుర్రం నన్ను చంపేసింది మాస్టారూ!"

పండితులు చిన్నబోయారు. పేరు చూసి ఛందస్సును ఎంచుకున్నందుకు తమను తామే తిట్టుకున్నారు. కాని వారిలోని కుతూహలం మాత్రం కూలబడలేదు.

"పద్యం సంగతి వదిలేయ్. నువ్వు ఊపిరి ఎక్కడ తీస్తావు, ఎక్కడ వదులుతావు?"

ఆమె లేచి నాలుగడుగులు వేసి చూపింది. డప్పుపాటకైతే రెండడుగులకు తీయడం, రెండడుగులకు వదలడం. రగడకైతే మూడింటికి తీయడం, మూడింటికి వదలడం. పండితులు అడుగుకొక మాత్ర చొప్పున వేళ్లమీద లెక్కపెట్టారు. నాలుగు, ఆరు. రెండూ సరిసంఖ్యలే!

"అందుకే ఊపిరి వదిలినప్పుడల్లా కుడికాలే నేలను తాకుతోంది. బరువంతా ఒక్క డొక్క మీదే పడుతోందేమో. బేసి కావాలమ్మా, బేసి! మూడింటికి తీయి, రెండింటికి వదులు. అయిదు మాత్రలు. అది ద్విరదగతి రగడ."

"అంటే?"

"ద్విరదం అంటే ఏనుగు."

"ఏనుగు నడకా? బందరంతా నవ్వుతుంది!"

"ఏనుగు వెంటపడితే ఎవరైనా నవ్వగా చూశావా?"

రెండే పాదాలు కట్టి ఇచ్చారు:

కృష్ణమ్మ కెరటాల కేలూని సాగుదును
విష్ణునకు దండమిడి వేగముగ నేగుదును

నెల రోజులు ఆ రెండు పాదాలే ఆమె చెవుల్లో మోగాయి. మొదట కాళ్లు తడబడ్డాయి. తరువాత పదిహేను కిలోమీటర్లు దాటాయి.

పందెం నాడు బందరులో బయలుదేరే గీత దగ్గర మైకులో చెప్పారు: చెవుల్లో ఏమీ ఉండరాదు, రోడ్డు మీద వాహనాలు తిరుగుతుంటాయి. దివ్యశ్రీ గుంపులోంచి బయటికి వచ్చింది. గింజలూ ఫోనూ తెచ్చి పండితుల చేతిలో పెట్టింది.

"అయిపోయింది మాస్టారూ."

"చెవుల సంగతే కదా వాళ్లు చెప్పింది? నోటికి అడ్డేమీ లేదుగా!"

ఆయన ఆటో మాట్లాడుకొని వెళ్లి, తిరుగుదారిలో పదహారో కిలోమీటరు గుర్తు దగ్గర, ఉప్పుగాలిలో నిలబడ్డారు. గుంపులు గుంపులుగా జనం దాటిపోయారు. చివరికి ఆమె కనబడింది. పెదవులు కదలడం లేదు. పద్యం మరిచిపోయిందా?  ఆమె దగ్గరకు వచ్చాక ఆయన ముందుకు వంగి చెవి ఒగ్గారు. మూడడుగులకు ఒక పీల్పు, రెండడుగులకు ఒక విడుపు. ఒకసారి కుడికాలి మీద, మరుసటిసారి ఎడమకాలి మీద. ఆమె ఆయనను చూడనైనా చూడకుండా సాగిపోయింది. చేయి డొక్క మీదికి పోలేదు.

గంటా యాభై ఎనిమిది నిమిషాలు.

"పద్యం ఏమైందమ్మా?" తిరిగి వెళ్లే బస్సులో అడిగారు.

"పన్నెండో కిలోమీటరులోనే మాటలన్నీ రాలిపోయాయి మాస్టారూ. విష్ణువుకు దండం పెట్టానో లేదో కూడా గుర్తులేదు. అయిదే మిగిలింది."

"పెట్టే ఉంటావులే."

బస్సు చల్లపల్లి దాటింది. పండితులు మెల్లగా చేయి చాచారు.

"ఆ పెళ్లి ఊరేగింపు ఇంకొక్కసారి పెట్టు. ఆ డప్పులవాడు ఎక్కడైనా బేసి వేస్తాడేమో చూద్దాం."