పేరు మార్చి రాసిన మనిషి

నా భర్త గవ్రిల్ మొకానుకు కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి సగమే పనిచేసేది. దునా నది ఒడ్డున మా ఊరు తుర్ను సెవెరిన్, అక్కడి ఓడల యార్డులో చిన్నప్పటి నుంచి బాయిలర్ల కడుపులో కూర్చుని రివెట్లు పట్టినవాడు. బయటినుంచి ఇంకొకడు సమ్మెటతో బాదుతుంటే లోపలివాడికి చెవులు మిగలవు. మా వీధిలో సగంమంది మగవాళ్ళు అంతే. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళు పక్కింట్లో కొట్టుకుంటున్నారనుకుని పరుగెత్తుకొచ్చేవారు. చూస్తే మొగుడూ పెళ్ళాం వాతావరణం గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు.

రాయడం ఆయనకు పటాలంలో పట్టుబడింది. సిమెంటు సంచుల కాగితాన్ని కత్తితో కోసుకుని, వంటబల్ల మీద నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కనే కూర్చుని రాసేవాడు.

"ఏం రాస్తున్నావయ్యా?" అని గట్టిగా అడిగేదాన్ని.

"మనల్నే."

నాకు నవ్వొచ్చేది. నేను పొగాకు కార్ఖానాలో ఆకు వేరుచేసే మనిషిని. మనలో రాయడానికి ఏముంటుంది?

మొదటి కథ రాజధాని బుకారెస్టు పత్రికలో వచ్చిననాడు ఎదురింటి స్తాంకా ఆ పత్రిక పట్టుకుని మా గుమ్మంలోకి దూసుకొచ్చింది.

"ఒరేయ్ గవ్రిల్! చేపల పులుసులో దునా నది మొత్తం పోసే ఆడదట! పేరు మారిస్తే నాకు తెలియదనుకున్నావా?"

"నువ్వు కాదు స్తాంకా, ఊహించి రాశాను."

"మా ఆయన గురక కూడా ఊహించావా? అచ్చంగా అదే గురక!"

ఆమె మొగుడు పాంతెలీ వెనకాలే నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. అతనూ గవ్రిలూ ఒకే బాయిలర్ మీద పనిచేసేవాళ్ళు, లోపల ఈయన, బయట అతను. మా పెద్దవాడికి జ్ఞానస్నానం చేయించినప్పుడు చేతుల్లో పట్టుకున్నది పాంతెలీయే. నన్ను వదినా అనేవాడు, తోబుట్టువుకన్నా ఎక్కువగా చూసేవాడు.

పంతొమ్మిదివందల ముప్పైమూడు చలికాలంలో సమ్మె జరిగింది. సైన్యం యార్డును చుట్టుముట్టాక సమ్మెసంఘం నాయకుడు తూదొర్ తప్పించుకున్నాడు. వాడు మా వీధి సఫ్తా అవ్వకు ఒక్కగానొక్క కొడుకు. గవ్రిలూ పాంతెలీ వాణ్ణి పడవలో ఎక్కించుకుని, నది మధ్య లంకలో, చెట్ల వెనక చేపలవాళ్ళు వదిలేసిన గుడిసెలో దాచి వచ్చారు. ఆ వారంలోనే పోలీసులు ఇద్దర్నీ పట్టుకెళ్ళారు. గవ్రిల్‌ను ఏమడిగినా "ఏంటీ?" అనేవాడట. నిజంగానే వినబడలేదో, కావాలనే అన్నాడో నాకు ఎప్పుడూ తేల్చి చెప్పలేదు. విసిగిపోయి బాగా కొట్టి వదిలేశారు. పాంతెలీని ఇంకొన్నాళ్ళు ఉంచుకున్నారు. అతను ఇంటికి వచ్చేసరికి కుడిచేతి వేళ్ళకు గోళ్ళు లేవు. మర్నాడు తూదొర్ దొరికిపోయాడు. వేసవి రాకముందే జైల్లో ఊపిరితిత్తులు పాడై చచ్చిపోయాడు.

సఫ్తా అవ్వ నల్లగుడ్డ కట్టుకుని ఇంటింటికీ తిరిగింది. "ఎవడు చెప్పాడు? నాకు పేరు కావాలి. ఏమీ చెయ్యను, పేరు చెప్పండి చాలు" అనేది. అందరూ నేల చూసేవాళ్ళు.

మూడు నాలుగేళ్ళ తర్వాత ఒక ఆదివారం గవ్రిల్, పాంతెలీ చేపలు పట్టడానికి పడవలో వెళ్ళారు. గవ్రిల్ మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు. నది నడుమ పాంతెలీ ఏదో గొణిగాడట. ఈయన "ఏంటీ?" అన్నాడట. మళ్ళీ చెప్పాడట. మళ్ళీ "ఏంటీ?" అన్నాడట. చివరికి పాంతెలీ, "నేనే చెప్పానురా! నాలుగో వేలు దగ్గర చెప్పేశాను!" అని అరిచి పడవలోనే కూలబడి ఏడ్చాడట.

గవ్రిల్ దాన్ని నవలలో పెట్టాడు. పాంతెలీని తాళ్ళు పేనేవాడిగా మార్చాడు, ఊరు మార్చాడు, పేరు మార్చాడు. దెబ్బలకు తట్టుకోలేక స్నేహితుణ్ణి పట్టిచ్చిన మనిషి ఇంటికొస్తాడు. పెళ్ళాం సంకటి పెడుతుంది. చెంచా పట్టుకుందామంటే వేళ్ళు మూసుకోవు. ఆమె తినిపించబోతే నోరు తెరవడు. చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఇది అచ్చు వెయ్యకు" అన్నాను.

"వాణ్ణి తిట్టలేదు కదా."

"తిట్టినా బాగుండేది. అతను నీకు చెప్పుకున్నాడు, ఊరికి కాదు."

"వెటా, ఇలాంటివాడి మీద ఎవరికైనా జాలి కలగాలి కదా. మనం రాయకపోతే ఎవరు రాస్తారు?"

పుస్తకం వచ్చింది. పాంతెలీ చదివాడు. ఒకరోజు పెద్ద బొచ్చెచేపను కాగితంలో చుట్టి తెచ్చి మా బల్లమీద పెట్టి, ఒక్కమాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అది క్షమించడమో, ఇక మాట్లాడుకోవద్దనడమో మాకు అర్థం కాలేదు. చేప మాత్రం వండుకుని తిన్నాం.

ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించి గవ్రిల్‌ను కొన్ని నెలలు లోపల వేసింది. దాంతో ఆయన పేరు దేశమంతా తెలిసింది. యుద్ధం అయిపోయి మనవాళ్ళ రాజ్యం, కమ్యూనిస్టుల రాజ్యం వచ్చాక పార్టీకి చేతులు కాయలు కాచిన రచయిత కావలసివచ్చాడు. గవ్రిల్‌ను అసెంబ్లీకి పంపారు. ఉన్నికోటు ఇచ్చారు. సభల్లో బాగా మాట్లాడతాడని పేరొచ్చింది. చెవుడున్నవాడు కాబట్టి గొంతెత్తి మాట్లాడేవాడు, అంతే.

మొదట్లో మంచే జరిగింది. మా వీధికి కుళాయి వేయించాడు. యార్డులో డాక్టరును పెట్టించాడు. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి చట్టాలొచ్చాయి. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు అడిగాను.

"ఇవాళ దేనికి చెయ్యెత్తావు?"

"సరిగ్గా వినబడలేదు. అందరూ ఎత్తారు."

పరిహాసమాడాడనుకున్నాను. మొహం చూస్తే పరిహాసం కాదు. అప్పటికే రాయడం మానేశాడు. బల్ల మీద తెల్లటి మంచి కాగితం కట్టలుకట్టలు ఉండేది.

ఆ ఏడు పంట నూర్చాక మా తమ్ముడు పల్లెనుంచి నడిచి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బావా, సర్కారువాళ్ళు కల్లం ఊడ్చుకుపోయారు. విత్తనాలక్కూడా ఉంచలేదు. అడ్డంపడ్డాడని మా మామను బండికి కట్టి లాక్కెళ్ళారు. ఇది నువ్వు చెయ్యెత్తిందేనా?"

ఈసారి గవ్రిల్‌కు మొదటిసారే వినబడింది. తర్వాతి పార్టీ సమావేశంలో లేచి, గోధుమల సంగతి, బండికి కట్టిన ముసలాయన సంగతి అందరి ముందూ చెప్పాడు. ఎవరూ కాదనలేదు, అవుననలేదు. నెల తిరక్కుండా కామ్రేడ్ ఒప్రియాన్ అనే విచారణాధికారి మా ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు. బూట్లు గుమ్మం దగ్గర తుడుచుకున్నాడు. నేను పోసిన రేగుసారా తాగి బాగుందన్నాడు. సంచిలోంచి గవ్రిల్ నవల తీసి బల్లమీద పెట్టాడు.

"కామ్రేడ్ మొకాను, ఈ తాళ్ళు పేనేవాడు ఎవరు?"

"నవలండీ అది. కల్పన."

"చెంచా పట్టుకోలేకపోవడం కూర్చున్నచోట తోచదు. తూదొర్ మా అమరవీరుడు. ఆయన్ని పట్టిచ్చినవాడు ఇంకా యార్డులో, మన మధ్యే తిరుగుతున్నాడు. మీకు తెలుసు. గురువారం సభలో పేరు చెప్పండి. ఆ గోధుమల గొడవ మేమూ మర్చిపోతాం."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే, ఇంత దగ్గరగా తెలిసినవాడు ఎవరై ఉంటాడా అని మేం ఆలోచించుకోవాలి."

అతను వెళ్ళగానే నేను తలుపు మూసి గవ్రిల్ ఎడమచెవి దగ్గర నోరు పెట్టాను.

"చెప్పెయ్. పాంతెలీ చేసిందే కదా, చెప్పెయ్. నీకు ఇద్దరు పిల్లలు."

"వాడికి ముగ్గురు."

"తూదొర్‌ను నువ్వు పట్టివ్వలేదు!"

"పాంతెలీని పట్టిచ్చాను కదా, ఆ పుస్తకంలో. నేను రాయకపోతే ఈయన సంచిలో ఏముండేది?"

"అయితే మమ్మల్ని చంపుతావా?"

వినబడలేదని నటించడానికి కూడా వీల్లేకపోయింది, అంత దగ్గరగా చెప్పాను.

గురువారం యార్డు హాలు నిండిపోయింది. ముందువరసలో సఫ్తా అవ్వను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మూడో వరసలో పాంతెలీ, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని ఉన్నాడు. ఆడవాళ్ళవైపు నా పక్కన స్తాంకా కూర్చుంది. ఒప్రియాన్ పుస్తకంలోంచి ఆ పుట చదివి వినిపించాడు. ఎంత బాగా చదివాడంటే కొందరు కళ్ళొత్తుకున్నారు. తర్వాత పుస్తకం మూసి, "ఈ మనిషి ఎవరు?" అన్నాడు.

గవ్రిల్ లేచి, "నేనే" అన్నాడు.

నేను "అబద్ధం!" అని అరుస్తూ లేవబోయాను. స్తాంకా నా మణికట్టు పట్టి కిందికి లాగింది. ఉచ్చుతాడులా బిగుసుకున్న ఆ పట్టుకు నా చెయ్యి వారంపాటు కమిలిపోయి ఉంది. అప్పటికే హాలంతా గోల. నా అరుపు ఎవరి చెవినా పడలేదు.

సఫ్తా అవ్వ కర్ర పట్టుకుని లేచి గవ్రిల్ ముందుకెళ్ళింది. అందరూ ఊరుకున్నారు. ఏదో అడిగింది. గవ్రిల్ వంగి, "ఏంటవ్వా?" అన్నాడు. ఆమె ఆయన చెవిలో నోరు పెట్టి, హాలంతా వినబడేలా, "నా బిడ్డను అప్పగించి ఇంటికెళ్ళాక సంకటి తిన్నావా?" అని అడిగింది.

"తినలేకపోయాను అవ్వా" అన్నాడు. "చెంచా పట్టు చిక్కలేదు."

ఆమె ఆయన మొహం మీద ఉమ్మేసింది. గవ్రిల్‌ను పార్టీనుంచి తీసేయాలని ఒప్రియాన్ చేతులెత్తమన్నాడు. పాంతెలీ చెయ్యెత్తాడు. కుడిది కాదు, ఎడమది.

ఆయన్ని ఖైదీలతో కాలువ తవ్వించే శిబిరానికి పంపారు. పుస్తకాలు గ్రంథాలయాల్లోంచి తీసేశారు. ఇల్లు తీసుకున్నారు. నన్ను పొగాకు కార్ఖానాలోంచి మాన్పించారు, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని దొరికింది. పెద్దవాణ్ణి బడిలోంచి పంపేశారు. రెండో చలికాలంలో నేను పంపిన పార్సెలు విప్పకుండానే, పైన 'మృతుడు' అని ముద్రతో తిరిగొచ్చింది. ఎప్పుడు పోయాడో, ఎక్కడ పూడ్చారో దాని మీద రాయలేదు.

పార్సెలు చంకలో పెట్టుకునే పాంతెలీ ఇంటికెళ్ళాను. అప్పటికి మేస్త్రీ అయ్యాడు.

"పోయాడు. ఇప్పుడైనా నిజం చెప్పు" అన్నాను.

"చెప్తే బతికొస్తాడా వదినా?"

"పిల్లాడు బడికెళ్తాడు. నువ్వు జ్ఞానస్నానం చేయించినవాడే."

అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. స్తాంకా ఒక బొగ్గుబస్తా తెచ్చి గుమ్మంలో పెట్టింది. దాన్ని తన్ని వచ్చేశాను. ఆ చలికాలమంతా ఆ బొగ్గు గుర్తొచ్చింది.

తర్వాత సఫ్తా అవ్వ దగ్గరికెళ్ళి మొత్తం చెప్పాను. పడవ, నది, నాలుగో వేలు, పేరుతో సహా. ఆమె తల ఊపుతూ విన్నది. నేను ఆపాక నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్ళూ రొట్టె అమ్మేవాడి మొహం చూసినా వీడేనా అనుకున్నాను, వెటా. గుళ్ళో పూజారి మొహం చూసినా వీడేనా అనుకున్నాను. నీ మొగుడు లేచి నేనే అన్నాక, ఆ రోజు నిద్రపట్టింది. మళ్ళీ వెతకమనకు తల్లీ. నేను ముసలిదాన్ని."

"అయితే నా మొగుడు ద్రోహేనా అవ్వా?"

"ఏమో, వాడే చెప్పాడు కదా" అంది.

నాకు ఆమె మీద కోపం రాలేదు. గవ్రిల్ మీద వచ్చింది. ఆ ముసలిదానికి నిద్ర, పాంతెలీకి మేస్త్రీ పని, మాకు దుప్పట్ల మురికి పంచిపెట్టి పోయాడు. ఎవరైనా ఆయన్ని మంచివాడంటే ఇప్పటికీ కాదనను, అవునని కూడా అనను.

సఫ్తా అవ్వ వసంతంలో పోయింది. నేను శ్మశానం గేటు దగ్గరే ఆగాను. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. శవపేటిక మోసినవాళ్ళలో పాంతెలీ ముందున్నాడు. కొడుకు స్నేహితుల్లో మిగిలినవాడు అతనొక్కడే మరి. అంతా అయ్యాక స్తాంకా పోయినవాళ్ళ పేరిట పెట్టే, తీపి కలిపి ఉడికించిన గోధుమలు పంచుతూ గేటుదాకా వచ్చి, నా మొహం చూడకుండా ఒక గిన్నె చేతిలో పెట్టింది.

పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నిలబడే తిన్నాను.